ఆటో సీరియల్లో లెవెలు గొట్టం

సంక్రాంతికి మనవరాలు వస్తోందని ఆమదాలవలస స్టేషనుకి నేనే వెళ్ళాను. రైల్వేవాళ్ళ బోర్డు మీద ఆ స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్. పేరులో మా ఊరుంది గానీ ఊరు మాత్రం అక్కడికి సుమారు 13 కిలోమీటర్లు. ఆ దూరమే ఎన్నో ఇళ్ళకి అన్నం పెడుతోంది. రైలు ఆగి జనం మెట్లు దిగుతుంటే చాలు, “కాంప్లెక్స్, కాంప్లెక్స్! డే అండ్ నైట్, డే అండ్ నైట్!” అంటూ ఆటోలవాళ్ళ కేకలు మొదలవుతాయి. కాంప్లెక్స్ అంటే మా ఊరి బస్టాండు, డే అండ్ నైట్ అంటే ఊళ్ళో ఓ కూడలి.

మమ్మల్ని ఎక్కించుకున్నతను ఒకప్పుడు నా దగ్గర తొమ్మిదో తరగతిలో లెక్కలు నేర్చుకున్నవాడే. సీటుకి రేటు పెరిగింది కదా, బాగుందా అని అడిగాను.

“పెరిగినప్పుడు సంబరపడ్డాం మేస్టారూ. రెండు మూడు నెల్లు బాగానే ఉన్నాది. తరవాత మళ్ళీ మునపట్లాగే. సీరియల్లో కూకోడానికే పొద్దు సరిపోతంది. మిగిలిందేటీ నేదు” అన్నాడు.

స్టాండులో వంతు కోసం ఆటోలు కట్టే వరసని వాళ్ళు సీరియల్ అంటారు. ముందున్న బండి నిండి కదిలితేనే వెనకున్నదానికి వంతు.

మా మనవరాలు అమ్మలు విశాఖలో బీఎస్సీ చదువుతోంది. ఫోన్లో బైకు పిలిపించుకుని కాలేజీకి వెళ్ళే పిల్ల. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుందో లేదో, అదే విషయం ఎత్తింది. “తాతయ్యా, సీటుకి ఐదు రూపాయలు పెరిగాయి. అతనికి మాత్రం పెరగలేదు. మరి ఆ డబ్బంతా ఎక్కడికి పోయింది?”

ఆ ప్రశ్న నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పిండి వంటలు పక్కన పెట్టి పెరట్లోకి తీసుకెళ్ళాను. అక్కడ ప్రహరీ గోడ పని జరుగుతోంది. తాపీ మేస్త్రీ సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస తను పట్టుకుని, రెండో కొస అవతల కుర్రాడి చేతికిచ్చి మట్టం చూసుకుంటున్నాడు. మీరూ చూసే ఉంటారు, దాన్నే లెవెలు గొట్టం అంటారు. మధ్యలో గొట్టం ఎన్ని వంకర్లు తిరిగినా రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలబడతాయి. మేస్త్రీని అడిగి ఒక కొసలో చెంబుతో కొంచెం నీళ్ళు పోయించాను. అటు వైపు మట్టం పైకి లేచింది. అమ్మలు చూస్తుండగానే మెల్లగా దిగి, రెండో వైపు పెరిగి, రెండూ మళ్ళీ సమానమయ్యాయి. పోసిన నీళ్ళు ఎక్కడికీ పోలేదు, రెండు వైపులా సర్దుకున్నాయంతే.

“ఒక కొస ఆటో పని అనుకో. రెండో కొస మిగతా కూలి పనులన్నీ. ఆటోలో కాస్త ఎక్కువ మిగులుతోందని తెలిస్తే ఇటుకల బట్టీలో చేసేవాడు, షాపులో గుమస్తాగా ఉన్నవాడు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాడు పాత బండి ఒకటి కొని స్టాండుకి వస్తారు. బళ్ళు పెరుగుతాయి, జనం పెరగరు. మట్టం మళ్ళీ సమానమైపోతుంది” అన్నాను.

“లెక్క వేసి చూపించు” అంది. మనవరాలంటే అలా ఉండాలి.

ఇవి నేను ఊహించుకున్న అంకెలు, లెక్క సులువుగా ఉండడానికి. ఒక దారిలో 20 ఆటోలు తిరుగుతున్నాయి. రోజుకి 800 మంది ఎక్కుతారు. సీటు 20 రూపాయలు. ఒక్కో ట్రిప్పుకి ఐదుగురు. ఆయిలు ట్రిప్పుకి 35 రూపాయలు. ఒక్కో ఆటోకి 40 మంది, అంటే 8 ట్రిప్పులు. వచ్చింది 800, ఆయిలుకి 280, మిగిలింది 520.

ఇప్పుడు సీటు 25 చేశారు. కొంతమంది నడిచిపోతారు, కొంతమంది బస్సు కోసం ఆగుతారు, మరి కొంతమంది పని రేపు చూసుకుందామనుకుంటారు. పదో వంతు తగ్గారనుకుందాం, 720 మంది. ఒక్కో ఆటోకి 36 మంది, 900 రూపాయలు. ట్రిప్పులు కాస్త తగ్గాయి కనుక ఆయిలు 252. మిగిలింది 648. రోజుకి 128 రూపాయలు ఎక్కువ! మా శిష్యుడు సంబరపడిన రోజులు ఇవే.

ఆ సంబరం చూసి మరో ఐదు బళ్ళు వచ్చాయి. 25 ఆటోలకి 720 మంది. ఒక్కోదానికి 29 మంది కూడా రారు. వచ్చేది 720 రూపాయలు, ఆయిలుకి సుమారు 202. మిగిలేది 518.

అమ్మలు కాగితం మీద రెండుసార్లు చేసి చూసింది. ముందు 520, తరవాత 518. ప్రయాణికుల జేబుల్లోంచి మాత్రం రోజుకి రెండు వేలు ఎక్కువే వెళ్తున్నాయి. అవీ, ట్రిప్పులు తగ్గి మిగిలిన ఆయిలు డబ్బులూ కలిసి అదనంగా వచ్చిన ఐదు బళ్ళకీ సరిపోయాయి. అంతకు ముందు రోజుకి 8 ట్రిప్పులు వేసిన మనిషి ఇప్పుడు ఆరు కూడా వెయ్యడం లేదు. మిగతా పొద్దంతా సీరియల్లోనే.

ఇది నా ఊహే అయినా, ఇలా నిజంగా జరుగుతుందని అమెరికాలో కొలిచి చూశారు. జొనథన్ హాల్, జాన్ హార్టన్, డేనియల్ నోఫుల్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఉబర్ సంస్థ దగ్గరున్న వివరాలతోనే పని చేశారు. ఆ దేశపు నగరాల్లో కంపెనీ మూల ఛార్జీ మార్చినప్పుడల్లా డ్రైవరుకి గంటకి వచ్చే ఆదాయం ఏమైందో చూశారు. ఛార్జీ పెరగగానే ఆదాయం పెరిగింది. తరవాత వారం వారం దిగుతూ సుమారు ఎనిమిది వారాలకి పాత మట్టానికే వచ్చింది. అక్కడ డ్రైవర్లు ఎక్కువ గంటలు బండి తిప్పసాగారు, బండిలో మనిషి ఉన్న సమయం మాత్రం తగ్గింది. ప్రయాణికుడికి బండి తొందరగా దొరికింది. ఎక్కడో అమెరికాలో ఎనిమిది వారాలు, మా శిష్యుడి నోట రెండు మూడు నెలలు. ఆ మాట విన్నాక నాకు అతని మీద గౌరవం ఇంకా పెరిగింది.

సీరియల్ గురించి ఇంకొంచెం చెప్పాలి. మన దేశంలో చదువుకున్నవాళ్ళు కూడా క్యూని ఒక చికాకుగా చూస్తారు తప్ప, దాని వెనక ఇంత అందమైన గణితం ఉందని గమనించరు. దీన్ని మొదలుపెట్టినాయన డెన్మార్కు మనిషి, పేరు ఎర్లాంగ్. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పని చేసేవాడు. ఎన్ని లైన్లు వేస్తే ఫోను చేసేవాళ్ళు విసుగెత్తిపోకుండా ఉంటారన్నది ఆయన ముందున్న సమస్య. 1909లో దాని మీద మొదటి వ్యాసం రాశాడు. తరవాత 1961లో అమెరికాలో జాన్ లిటిల్ ఒక సూత్రాన్ని రుజువు చేశాడు. ఇది ఐదో తరగతి పిల్లలకి కూడా చెప్పొచ్చు: వరసలో ఎంతమంది ఉన్నారో, ఒక్కొక్కరు కదలడానికి ఎంత సేపు పడుతోందో తెలిస్తే, రెండూ హెచ్చవేస్తే నువ్వు ఎంతసేపు ఆగాలో వచ్చేస్తుంది.

స్టాండులో 12 బళ్ళున్నాయి, పది నిమిషాలకొకటి నిండి కదులుతోందనుకుందాం. వెనక చేరినవాడికి 120 నిమిషాలు, అంటే రెండు గంటలు. రేటు పెరిగి జనం కాస్త తగ్గారు, ఇప్పుడు 12 నిమిషాలకొకటి కదులుతోంది. కొత్త బళ్ళు వచ్చి వరస 15 అయింది. హెచ్చవేస్తే 180 నిమిషాలు. రెండు చోట్లా చిన్న చిన్న మార్పులే, కానీ ఒకదాన్నొకటి హెచ్చవేసుకుని ఒక గంటని మింగేశాయి. రేటు కాగితం మీద పెరిగింది, గంట డ్రైవరు ఒంటి మీంచి పోయింది.

అందుకే నేనంటాను, డ్రైవరు సంపాదన ఛార్జీలో సగమే ఉంది, మిగతా సగం ఖాళీలో ఉంది. ఖాళీ సీటు, ఖాళీ ట్రిప్పు, ఖాళీ గంట. రథసప్తమి నాడు అరసవల్లి దారిలో చూడండి, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు చూడండి. సీటు రేటు ఒక్క రూపాయి పెంచకపోయినా ఆ రోజు ఆటోవాడి చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. దింపీ దింపగానే మళ్ళీ నిండుతుంది, రాకపోకలు రెండూ నిండుగానే సాగుతాయి. ఆ రోజు సీరియలనేదే ఉండదు.

ఇంతవరకూ వాళ్ళ రేటు మారితే ఏమవుతుందో చూశాం. వాళ్ళ రేటు అలాగే ఉండి పక్కవాళ్ళ రేటు మారితే? అది మన కళ్ళ ముందే జరిగింది. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. తెలంగాణలో ఇటువంటిదే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న వచ్చింది. గొట్టానికి మూడో కొస ఒకటి ఉందని, అది బస్సని మనం అంతవరకూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ కొసని సున్నా దాకా దించేసరికి ఆటోల కొసలో నీళ్ళు అటు జారాయి. ఆటో ఛార్జీ పైసా మారలేదు, సీట్లు ఖాళీ అయ్యాయి.

ఈ పథకం మంచిదని నా గట్టి అభిప్రాయం. రణస్థలం నుంచో నరసన్నపేట నుంచో పట్నం వచ్చి చదువుకునే ఆడపిల్లకి, నెలనెలా పెద్దాసుపత్రికి మందుల కోసం వచ్చే ముసలమ్మకి ఆ టికెట్టు డబ్బులు చిన్నవి కావు. అయితే ఒకరికి మేలు చేసినప్పుడు ఆ బరువు ఎవరి వీపు మీద పడిందో కొలవడం కూడా మన బాధ్యతే. ప్రభుత్వం 2025 అక్టోబరు 4న ‘ఆటో డ్రైవర్ల సేవలో’ అనే పథకం కింద సుమారు 2.90 లక్షల మంది డ్రైవర్లకి ఏడాదికి 15,000 రూపాయల చొప్పున ఇచ్చింది. అంతకుముందు ప్రభుత్వం 2019 నుంచి వాహన మిత్ర పేరుతో 10,000 ఇచ్చేది.

అమ్మలు వెంటనే 15,000ని 365తో భాగించింది. రోజుకి 41 రూపాయలు. మన ఊహా లెక్కలో 20 రూపాయల సీట్లు రెండు. కనుక ఏ డ్రైవరుకైతే ఉచిత బస్సు వల్ల రోజుకి రెండు సీట్లే ఖాళీ అయ్యాయో, అతనికి ఆ సొమ్ముతో సరిపోయింది. పది సీట్లు ఖాళీ అయినవాడికి సరిపోలేదు. బస్సు పోని పల్లె దారిలో తిరిగేవాడికి అసలు సీట్లే తగ్గకపోవచ్చు, అతనికి అది మిగులు. అందరికీ ఒకే మొత్తం ఇవ్వడం సులువే గానీ, నష్టం మాత్రం దారి దారికీ వేరు. జాతీయ రహదారి వెంబడి బస్సులతో పోటీగా తిరిగే ఆటోని, బస్సు దిగినవాళ్ళని లోపలి ఊళ్ళకి చేర్చే ఆటోని ఒకే గాట కట్టకూడదు. రెండో రకం ఆటోకి బస్సులో జనం పెరిగితే బేరాలు పెరగొచ్చు కూడా.

“మరి నష్టం వచ్చినవాళ్ళు మానేస్తే సరిపోతుందిగా, లెవెలు గొట్టంలో నీళ్ళు అటు నుంచి ఇటు కూడా వస్తాయి కదా?” అంది అమ్మలు.

ఇక్కడే మన లెవెలు గొట్టానికీ మన ఊరి బతుక్కీ తేడా. నేను లోపలికెళ్ళి పాత సైకిలు ట్యూబు తెచ్చి దాని వాల్వు చూపించాను. గాలి లోపలికి సులువుగా వెళ్తుంది, బయటికి రాదు. ఆటో పని అలాంటిది. ఫైనాన్సులో బండి తియ్యడం సులువు, ముందు కొంచెం కడితే చాలు. తీశాక నెలనెలా కిస్తీ, ఏటా ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్. ఆదాయం పడిపోయిందని బండి అమ్మేద్దామంటే, అదే రోజుల్లో అందరూ అమ్ముతారు కనుక ధర రాదు, అప్పు మిగులుతుంది. కనుక రేటు పెరిగినప్పుడు కొత్తవాళ్ళు వచ్చి ఆ లాభాన్ని పంచేసుకుంటారు. రేటు తగ్గినప్పుడు మాత్రం పాతవాళ్ళు వెళ్ళలేరు, నష్టం అలాగే నిలిచిపోతుంది. ఆ అమెరికా లెక్కలో చాలామంది డ్రైవర్లు సొంత కారుని తీరిక వేళల్లో తిప్పుకునేవాళ్ళు. ఇష్టం లేకపోతే ఆపేస్తారు. మా శిష్యుడికి ఆ వీలు లేదు.

హైదరాబాదులో దీన్ని పెద్ద ఎత్తున చూశాం. యాప్ క్యాబులు వచ్చిన కొత్తలో కంపెనీలు ఛార్జీ మీద ఇంతని ప్రోత్సాహకాలు గుమ్మరించాయి. మన జిల్లాల కుర్రాళ్ళు కూడా అప్పు చేసి కార్లు తీసి వెళ్ళారు. కార్లు నిండాక ప్రోత్సాహకాలు తగ్గించారు. కిస్తీ మాత్రం తగ్గదు కదా. 2017 మొదటి నెలల్లో హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ నగరాల్లో క్యాబ్ డ్రైవర్లు సమ్మెలకి దిగారు. ఎక్కే దారి వెడల్పు చేసి, దిగే దారి ఇరుకుగా ఉంచి, ఆపైన రేటు తగ్గించడాన్ని నేను తప్పనే అంటాను.

వాన పడినప్పుడు యాప్‌లో ధర ఎందుకు పెరుగుతుందని కూడా అమ్మలు అడిగింది. దూరంగా ఉన్న బళ్ళని ఇటు రప్పించడానికి, అంత అవసరం లేనివాళ్ళని కాసేపు ఆపడానికి. అందులో పద్ధతి ఉంది, హద్దు కూడా ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ హద్దు పెట్టారు: మూల ఛార్జీకి రెండింతలు మించకూడదు, సగానికి తగ్గకూడదు. సొంత బండి ఉన్న డ్రైవరుకి వసూలైన ఛార్జీలో కనీసం 80 శాతం అందాలి. మూల ఛార్జీ కనీసం మూడు కిలోమీటర్లకి ఉండాలి, డ్రైవరు ఖాళీగా వచ్చిన దూరానికి పరిహారంగా. ఈ చివరి మాట నాకు చాలా సంతోషం కలిగించింది. ఖాళీ అనేది ఒకటుందని, దానికీ వెల ఉందని నియమాలు రాసేవాళ్ళకి తట్టింది.

ఈ మధ్య చాలా యాప్‌లు ఆటోల దగ్గర కమీషన్ మానేసి రోజుకింతని రుసుము తీసుకుంటున్నాయి. బెంగళూరులో 2022లో వచ్చిన నమ్మ యాత్రి ఆ దారి చూపింది, తరవాత ర్యాపిడో, ఉబర్ కూడా ఆటోలకి ఆ పద్ధతిలోకి వచ్చాయి. బేరాలు బాగున్న రోజు డ్రైవరుకి ఇది చాలా మేలు. బేరాలు లేని రోజు మాత్రం రుసుము అతని మీదే. పైగా రుసుము ఎంతమంది డ్రైవర్లు ఉంటే అంత వస్తుంది, కాబట్టి సీరియల్ పొడుగు పెరిగినా కంపెనీకి బాధ లేదు. కమీషన్ పద్ధతిలోనూ వాళ్ళు ఖాళీ గంటకి ఏమీ ఇచ్చుకోరు.

న్యూయార్క్ నగరం ఆ ఖాళీని నేరుగా లెక్కలోకి తెచ్చింది. అక్కడి ట్యాక్సీ కమిషన్ 2018 డిసెంబరులో ఒక నియమం చేసి 2019 ఫిబ్రవరి నుంచి అమలు పెట్టింది. ఖర్చులు పోను డ్రైవరుకి గంటకి 17.22 డాలర్లు మిగలాలన్నది లక్ష్యం. మైలుకింత, నిమిషానికింత అని లెక్క కట్టి, దాన్ని బండి నిండుగా ఉన్న సమయపు వాటాతో భాగించారు. అప్పట్లో ఆ వాటా నూటికి 58. అంటే డ్రైవర్లని ఎంత ఖాళీగా కూచోబెడితే, వేసిన ట్రిప్పుకి అంత ఎక్కువ చెల్లించాలి. ఆ నియమం వచ్చిన కొన్ని నెలలకే పెద్ద కంపెనీలు అక్కడ కొత్త డ్రైవర్లని చేర్చుకోవడం ఆపాయి. మన లెవెలు గొట్టాన్ని వేలితో నొక్కినట్టన్నమాట. ఉన్నవాళ్ళకి మేలు, కొత్తగా వద్దామనుకున్నవాడికి తలుపు మూసినట్టు. తరవాత తరవాత ఉన్నవాళ్ళని కూడా బేరాలు లేని వేళల్లో యాప్‌లోకి రానివ్వడం మానేశారు, దాని మీద గొడవలూ జరిగాయి. నొప్పి లేని మందు ఇంకా దొరకలేదు. అయినా ఖాళీని కొలవడం అన్న ఆ మొదటి అడుగు సరైనదే.

మనమూ ఆ అడుగు వెయ్యొచ్చు, దానికి పెద్ద కార్యాలయం అక్కర్లేదు. కనుమ వెళ్ళాక అమ్మలుని రైలెక్కించడానికి మళ్ళీ అదే ఆటో పిలిచాను. దిగేటప్పుడు అమ్మలు తన సంచిలోంచి చిన్న నోటు పుస్తకం తీసి అతనికిచ్చింది. ఒక్కో రోజుకి నాలుగు గళ్ళు గీసి పెట్టింది: ఇల్లు వదిలిన వేళ, ఇల్లు చేరిన వేళ, మనుషులతో నడిచిన నిమిషాలు, ఖాళీగా ఉన్న నిమిషాలు. “అన్నయ్యా, వారం రోజులు రాయండి చాలు” అంది. “రాస్తానమ్మా, లెక్కలు మేస్టారు నేర్పినవే కదా” అన్నాడతను.

రాశాడు. మొన్న తెచ్చి చూపించాడు. ఆ వారంలో ఒక బుధవారం అతను రోడ్డు మీద ఉన్నది 11 గంటలు, బండిలో మనుషులున్నది 4 గంటల 10 నిమిషాలు.

ఆటో నడిపే బాబులందరికీ నా మనవి ఇదే: మీరూ ఒక వారం రాయండి. సీటు రేటు పెంచాలా వద్దా అని యూనియన్ మీటింగు పెట్టినప్పుడు, కలెక్టరేటుకి అర్జీ పట్టుకెళ్ళినప్పుడు, ఆ నాలుగో గడి అంకె కూడా చేతిలో పెట్టుకుని వెళ్ళండి.